రిబ్బన్ కట్టిన ల్యాబ్

మా స్కూల్లో కొత్తగా కట్టిన కెమిస్ట్రీ ల్యాబ్ తలుపుకు తాళం వేసి ఉండేది. తాళం పైన ఎర్ర రిబ్బన్ కట్టి ఉండేది. తాళంచెవి హెడ్మాస్టర్ అగ్బెకో జేబులో ఉండేది కానీ, రిబ్బన్‌ను మాత్రం ఆయన కూడా ముట్టుకునేవాడు కాదు. దాన్ని కత్తిరించడానికి ఆనరబుల్ రావాలి. ఆనరబుల్ అంటే మా ఓట్లు వేయించుకుని రాజధాని అక్రాకు వెళ్లి పార్లమెంటులో కూర్చున్న మనిషి. మా దగ్గర ఆయన్ని ఎవరూ పేరు పెట్టి పిలవరు. గోడలు లేచి, రంగులు ఆరి, గాజు సామాను బల్లల మీదికి చేరినా సరే, ఆ పెద్దమనిషి వచ్చి కత్తెర ఆడించేదాకా గడప తొక్కకూడదు. బోరింగు పంపు దగ్గర్నుంచి ఆసుపత్రి దాకా మా దేశంలో ఇదే మర్యాద. పంపులో నీళ్లు ఉన్నా గొంతెండి చావాలి గానీ రిబ్బన్ తెంపకూడదు.

నేను చెప్పబోయేది యాయ్రా సంగతి. కానీ ఆ రిబ్బన్ సంగతి చెప్పకుండా ఆమె సంగతి చెప్పలేను. తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

యాయ్రా మా కెమిస్ట్రీ టీచరు. నేను చరిత్ర చెబుతాను. స్టాఫ్ రూములో మా కుర్చీలు పక్కపక్కనే ఉండేవి. నలభై దాటిన మనిషి, భారీ విగ్రహం, నవ్వితే పక్క తరగతి పాఠం ఆగిపోయేది. వాళ్లమ్మ సంతలో నల్ల సబ్బు అమ్మేది. కోకో కాయల తొక్కలు ఎండబెట్టి కాల్చి, ఆ బూడిద నీళ్లను వడగట్టి, పామాయిల్‌తో కలిపి ఉడికిస్తే ఆ సబ్బు తయారవుతుంది. బూడిద నీళ్లు మరిగి చిక్కబడితే చర్మాన్ని తినేస్తాయి. చిన్నప్పుడు యాయ్రా అవి చేతి మీద ఒంపుకుంది. మణికట్టు నుంచి మోచేతి దాకా మచ్చ మిగిలింది. కొత్త తరగతికి వెళ్లినప్పుడల్లా ఆ చెయ్యి చాచి, "ఇదిగో, నా మొదటి కెమిస్ట్రీ పుస్తకం" అనేది.

ఆమె చదువుకున్న స్కూల్లో ల్యాబ్ అంటే ఒక బీరువా. దానికీ తాళమే. ద్రావణాన్ని చుక్కలుగా కొలిచి వదిలే బ్యూరెట్‌ను ఆఖరి ప్రాక్టికల్ పరీక్ష రోజున ఆమె మొదటిసారి ముట్టుకుంది. కుళాయి ఎటు తిప్పితే ఆగుతుందో తెలియక ద్రావణమంతా బల్ల మీదికి వదిలేసింది. ఇంకొంచెం పోయమని అడగడానికి భయపడి, ఖాళీ గాజు గొట్టం ముందు పరీక్ష అయ్యేదాకా నిలబడింది. ఫెయిలైంది. ఆ ఏడాదంతా తల్లి పక్కన కూర్చుని సబ్బులు అమ్మి, మళ్లీ రాసి పాసైంది.

"నాకు తెలివి లేక కాదన్నా ఫెయిలైంది" అనేది నాతో. "తల చదువుకుంది, చెయ్యి చదువుకోలేదు. నా పిల్లల్లో ఒక్కరికి కూడా అలా కాకూడదు."

ఆమె పంతమంతా అదే. అంతకుమించి ఆమె ఎవరినీ ఏమీ అడగలేదు.

ల్యాబ్‌తో పాటు మాకు ట్యాబ్‌లు కూడా వచ్చాయి. అందులో బొమ్మల ల్యాబ్ ఉంటుంది. వేలితో తోస్తే సీసా వంగుతుంది, తడితే చుక్క పడుతుంది, రంగు మారుతుంది. ట్యాబ్‌లు పంచిన రోజు వచ్చినవాళ్లు ఫొటోలు తీసుకుని వెళ్లిపోయారు కనుక వాటికి రిబ్బన్ బాధ లేదు, వాడుకోవచ్చు. ఇంకేం, హెడ్మాస్టరుకు కొండంత ధైర్యం వచ్చింది. "ల్యాబ్ తెరవకపోతే ఏమైంది, పిల్లలు ప్రాక్టికల్స్ అరచేతిలోనే చేసేస్తున్నారు" అని తల్లిదండ్రుల మీటింగులో చెప్పాడు. అరచేతిలో వైకుంఠం చూపించడమంటే ఇదేనని నాకు ఆ రోజు అర్థమైంది.

యాయ్రాకు ట్యాబ్‌ల మీద కోపం లేదు. నిజానికి వాటిని మా స్కూల్లో సరిగ్గా వాడింది ఆమె ఒక్కతే. ఆమ్లంలో, క్షారంలో ఉండే కంటికి కనపడని రేణువులు ఒకదాన్నొకటి ఎలా పట్టుకుంటాయో తెర మీద చూపించేది. "ఇన్నేళ్లుగా చెబుతున్నా, ఇది నేను మాత్రం ఎప్పుడు చూశాను?" అని పిల్లలకంటే ముందు తనే మురిసిపోయేది. తర్వాత ట్యాబ్‌లు మూయించి, పిల్లల్ని వంటశాల వెనక్కి తీసుకుపోయేది. అక్కడ అసలు సరంజామా ఉండేది. వాళ్లమ్మ పంపిన బూడిద నీళ్లు, పిండిన నిమ్మరసం, బ్యూరెట్‌కు బదులు ఊరి ఆసుపత్రిలో అడిగి తెచ్చిన కొత్త సెలైన్ గొట్టాలు. రంగు చూడటానికి సొబోలో. సొబోలో అంటే మా వాళ్లు ఎర్ర గోంగూర పూరేకులు మరగబెట్టి చేసుకునే పానకం. పులుపులో ఎర్రగా ఉంటుంది, బూడిద నీళ్లు పడితే పచ్చబడుతుంది. పిల్లలు సగం ప్రయోగానికి వాడి, సగం తాగేసేవాళ్లు.

ఒకరోజు హెడ్మాస్టరు అటు వచ్చాడు.

"ఏంటి మేడమ్ ఇది? కెమిస్ట్రీ క్లాసా, సబ్బుల దుకాణమా?"

"రెండూ ఒకటే సర్. మీరు పొద్దున స్నానం చేసొచ్చారంటే ఈ పాఠం వల్లే."

పిల్లలు కిసుక్కున నవ్వారు. ఆయన మొహం మాడిపోయింది. "లక్షణంగా ట్యాబ్‌లు ఇస్తే బూడిదలో ఆడిస్తారా పిల్లల్ని? ఎవరైనా చూస్తే స్కూలు పరువేం కావాలి?" అని గొట్టాలన్నీ ఏరించి స్టోరులో పడేయించాడు.

ఆనరబుల్ రాక వాయిదా పడుతూనే ఉంది. ఒకసారి విదేశీ ప్రయాణం. ఒకసారి ఎవరో పెద్దాయన అంత్యక్రియలు. ఒకసారి ఏ కారణమూ లేదు. ఎండకు రిబ్బన్ వెలిసి, పాత పుండు కట్టులా తయారైంది. హెడ్మాస్టరు ఏం చేశాడో తెలుసా? కొత్త రిబ్బన్ కొనిపించి కట్టించాడు. తలుపు తీయాలన్న ఆలోచన రాని మనిషికి రిబ్బన్ మార్చాలన్న ఆలోచన వచ్చింది!

పరీక్షలు ముందుకొస్తున్నాయి. యాయ్రా పట్నంలో ఒక స్కూలువాళ్లను బతిమాలి ఒక బ్యూరెట్ అరువు తెచ్చింది. దాన్ని తరగతిలో స్టాండుకు బిగించి, మావుసి అనే అమ్మాయిని ముందుకు పిలిచింది. మావుసి తరగతిలో అందరికంటే చురుకు. నర్సింగ్‌లో చేరాలని ఆమె కోరిక. కెమిస్ట్రీలో మంచి మార్కులు రాకపోతే ఆ కాలేజీవాళ్లు దరఖాస్తు కూడా చూడరు. ట్యాబ్‌లో మావుసి తప్పు చేయడం ఎవరూ ఎరగరు.

ఆ పిల్ల కుళాయి తిప్పింది. ధార పడింది. ఫ్లాస్కులో ఎరుపు పోయి పచ్చదనం వచ్చేసింది. ఆపాల్సిన చుక్క ఎప్పుడో దాటిపోయింది. మావుసి కుళాయి మూయలేదు. ఆమె చూపుడువేలు గాజు గొట్టం మీద ఎడమ పక్కన, పైన, తడుముతూ నొక్కింది. మళ్లీ నొక్కింది. ట్యాబ్‌లో తప్పు దిద్దుకునే 'వెనక్కి' అనే గుర్తు ఉండే చోటది.

తరగతి గొల్లుమంది. యాయ్రా నవ్వలేదు. ఆ పిల్ల చేతిని తన చేత్తో పట్టుకుని కుళాయి మూసింది. నేను వరండాలోంచి చూస్తున్నాను. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. అవి జాలితో వచ్చినవి కావు, కోపంతో వచ్చినవి.

తిన్నగా హెడ్మాస్టరు గదికి వెళ్లింది. నేనూ వెంట వెళ్లాను.

"తాళంచెవి ఇవ్వండి సర్."

"ఆనరబుల్ రాకుండా ఎలా ఇస్తాను మేడమ్?"

"అక్కడ బల్లల నిండా బ్యూరెట్లున్నాయి. నేను ఒక్కటి అరువు తెచ్చుకుని తరగతంతటికీ చూపిస్తున్నాను. మన ఇంట్లో కుండెడు అన్నం పెట్టుకుని పక్కింట్లో మెతుకు అడుక్కున్నట్టుంది."

"చూడండి, ఆయన మనకి భోజనశాల కప్పు కూడా వేయిస్తానన్నారు. ఇప్పుడు ఆయన రాకముందే తెరిచేస్తే అవమానంగా తీసుకుంటారు. ఒక ల్యాబ్ కోసం కప్పు పోగొట్టుకోమంటారా?"

"అవమానం ఆయనకా? పరీక్షలో నిలబడి గాజు గొట్టం వంక గుడ్లప్పగించి చూసేది నా పిల్లలు సర్."

"ట్యాబ్‌లున్నాయిగా!"

"ట్యాబ్‌లో మంట చూపించి వంట నేర్పండి సర్, మీ ఇంటికి భోజనానికొస్తాను."

ఆయన బల్ల మీద చెయ్యి చరిచాడు. "నేను ఇవ్వను. ఇక వెళ్లండి."

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఇక్కడ వరమిచ్చిన దేవుడెవరో కూడా నాకు తెలుసు. ల్యాబ్ కట్టిన డబ్బు ఆనరబుల్ తాత పాతిపెట్టిన లంకెబిందె కాదు. మా రైతుల కోకో బస్తాల మీద కోసుకున్న పన్ను. మావుసి వాళ్ల నాన్న వీపు మీద మోసిన బస్తా కూడా అందులో ఉంది.

బయటికొచ్చాక యాయ్రా ల్యాబ్ చుట్టూ ఒకసారి నడిచింది. వెనక వైపు కిటికీ దగ్గర ఆగింది. మా దగ్గర కిటికీలకు అడ్డంగా గాజు పలకలు ఒకదాని కింద ఒకటి పేర్చి ఉంటాయి. ఒక్కో పలకనూ పక్కకు లాగి తీసేయొచ్చు, మళ్లీ దూర్చొచ్చు.

"అన్నా, శనివారం హెడ్డు ఎక్కడుంటాడు?"

ఇది అడగాల్సిన ప్రశ్నే కాదు. శనివారమొస్తే మా ప్రాంతంలో పరువున్న మగవాడు ఎక్కడుంటాడు? నల్ల బట్టలు కట్టుకుని ఏదో ఒక ఊళ్లో అంత్యక్రియలకు వెళతాడు. చచ్చినవాళ్ల దగ్గరికి తప్పకుండా వెళ్లే మనుషులు వీళ్లు. బతికున్న పిల్లల దగ్గరికి రావడానికే తీరిక ఉండదు.

ఆ శనివారం హెడ్మాస్టరు కారు గేటు దాటగానే యాయ్రా పలకలు తీసి గోడకు వరసగా ఆనించింది. పిల్లలు ఒక్కొక్కరే లోపలికి దూరారు. చివర్న ఆమె. కిటికీ ఆమె కొలతకు చేసింది కాదు. లోపల్నుంచి మావుసి వాళ్లు చేతులు పట్టుకుని లాగారు, బయటినుంచి నేను తోశాను. కొంగు కొక్కేనికి చిక్కి చిరిగింది.

"నెమ్మదే, నెమ్మది! నేనేమన్నా గారీ మూటనా?" అని అరిచింది. గారీ అంటే పిల్లలు హాస్టల్లో నానబెట్టుకుని తినే కర్రపెండలం రవ్వ. అందరూ పడీపడీ నవ్వారు. నేనూ నవ్వాను. కానీ చూడండి, ఒక టీచరు, తన స్కూల్లో, తన ల్యాబ్‌లోకి, పట్టపగలు దొంగలా దూరాల్సి వచ్చింది.

కుళాయిల్లో నీళ్లు రావు, ట్యాంకు కూడా ఆనరబుల్ కోసమే ఎదురు చూస్తోంది. బకెట్లతో నీళ్లు కిటికీలోంచే అందించాను. యాయ్రా అక్కడి మందుల సీసాల మూతలు కూడా తీయనివ్వలేదు. బూడిద నీళ్లు, నిమ్మరసం, సొబోలో ఇంటినుంచే తెచ్చింది. వాడింది గాజు సామాను మాత్రమే. ఎడమచెయ్యి వెనకనుంచి చుట్టి కుళాయి పట్టుకోవడం, కుడిచేత్తో ఫ్లాస్కు తిప్పడం, కింద తెల్ల పలక పెట్టడం, కన్ను నీటి మట్టానికి దించి అంకె చదవడం. ఇంకా, ధారను చుక్కలుగా, చుక్కల్ని ఒక్క చుక్కగా తగ్గించడం.

"ఇక్కడ వెనక్కి లేదు" అని ప్రతి బల్ల దగ్గరా చెప్పేది. "పడిన చుక్క పడినట్టే. అందుకని పడకముందే భయపడండి."

అలా పరీక్షల ముందు ప్రతి శనివారం జరిగింది. సాయంత్రానికి గాజు తుడిచి, బల్లలు తుడిచి, మా అడుగుజాడలు తుడిచి, పలకలు దూర్చేసేవాళ్లం. ముందు తలుపుకు రిబ్బన్ చెక్కుచెదరకుండా మెరుస్తూ ఉండేది.

చివరికి ఆనరబుల్ వచ్చాడు. పరీక్షకు ఇంకా కొన్ని వారాలే ఉన్నాయి. పొద్దున వస్తానన్నవాడు మధ్యాహ్నం దాటాక దిగాడు. అప్పటిదాకా పిల్లలు ఎండలో నిలబడ్డారు, ఇద్దరు కళ్లు తిరిగి పడిపోయారు. బ్యాండు మోగింది. గొడుగు కింద ఊరిపెద్ద నేలమీద మద్యం ఒంపి పితరుల్ని తలుచుకున్నాడు. ఆనరబుల్ రిబ్బన్ కత్తిరించాడు. చప్పట్లు.

లోపల ఫొటోకు మావుసిని ముందే ఎంచి పెట్టుకున్నారు. హెడ్మాస్టరు ఆ పిల్లకు నటన కూడా నేర్పాడు. "మొదటిసారి చూస్తున్నట్టు కళ్లు పెద్దవి చెయ్యాలి. తెలిసిందా?"

కళ్లకైతే నేర్పాడు. చేతుల్ని మరిచిపోయాడు. బ్యూరెట్ ముందు నిలబడగానే మావుసి ఎడమచెయ్యి తనంతట తానే వెనకనుంచి వెళ్లి కుళాయిని చుట్టుకుంది. కుడిచెయ్యి ఫ్లాస్కును తిప్పడం మొదలుపెట్టింది. మోకాళ్లు వంచి కన్ను మట్టానికి దించింది. ఒక్క చుక్క. ఆగింది.

ఆనరబుల్‌కు కెమిస్ట్రీ రాకపోయినా పనితనం తెలిసింది. "అబ్బో! మొదటిసారి ముట్టుకున్నట్టు లేదే! ఎవరు నేర్పారమ్మా?"

హెడ్మాస్టరు అందుకున్నాడు. "అంతా మన ట్యాబ్‌లే ఆనరబుల్! ఆధునిక విద్య! తెర మీద చూసి నేర్చేసుకున్నారు."

యాయ్రా గోడవారన నిలబడి ఉంది. చిరిగిన కొంగుకు కుట్టు వేసుకుని అదే బట్ట కట్టుకొచ్చింది. మావుసి ఆమె వంక చూసింది. నేను ఆ పిల్ల మొహంలో రంగు మారడం చూశాను.

"ట్యాబ్ కాదు సర్. మేడమ్ యాయ్రా నేర్పారు."

"ఓహో. ఎక్కడ?"

"ఈ బల్ల దగ్గరే."

ఆనరబుల్ చేతిలో కత్తెర ఇంకా అలాగే ఉంది. "తలుపు నేనిప్పుడే కదమ్మా తీశాను?"

"తలుపు మీదే సర్" అంది మావుసి. "మేం కిటికీలోంచి వచ్చాం."

కెమెరావాడు ఫొటోలు ఆపేశాడు. అప్పుడు ఆనరబుల్ పెద్దగా నవ్వాడు. ఆయన నవ్వాడు కనుక అందరూ నవ్వారు. నవ్వుతూనే బయటికి నడిచి, కారెక్కేముందు హెడ్మాస్టరు చెవిలో ఏదో అన్నాడు. అప్పుడు మాత్రం నవ్వలేదు.

పరీక్ష రాకముందే యాయ్రాకు బదిలీ అయింది. నది అవతల, లాంచీ దిగి ఇంకా మట్టిరోడ్డు పట్టుకుని పోవాల్సిన ఊరికి. 'ప్రభుత్వ ఆస్తిలోకి అక్రమ ప్రవేశం' అన్నారు. ఆ ఆస్తి ఎవరి కోసం కట్టారో అడిగే మగాడు మా జిల్లా ఆఫీసులో లేడు. నేను వెళ్లి అడిగాను. "చరిత్ర మాస్టారివి, కెమిస్ట్రీ సంగతి నీకెందుకు" అన్నారు. చరిత్ర మాస్టారిని కనుకే అడుగుతున్నానన్నాను. బయటికి పంపారు.

యాయ్రా వెళ్లిన వారానికే ల్యాబ్ కిటికీలకు ఇనుప చువ్వలు బిగించారు. డబ్బులు లేవంటూ భోజనశాల కప్పు ఇప్పటికీ వేయలేదు. చువ్వలకు మాత్రం వెంటనే దొరికాయి.

పరీక్ష ఆ ల్యాబ్‌లోనే జరిగింది. యాయ్రా పిల్లల్లో ఒక్కరు కూడా ప్రాక్టికల్లో ఫెయిలవలేదు. మావుసి ఇప్పుడు నర్సింగ్ చదువుతోంది. వార్షికోత్సవంలో హెడ్మాస్టరు ఆ ఫలితాలు చదివి, ట్యాబ్‌లకు, ఆనరబుల్‌కు కృతజ్ఞతలు చెప్పాడు. నేను లేచి బయటికొచ్చేశాను. కూర్చుని ఉంటే కుర్చీ విసిరేవాణ్ణి.

ఇప్పుడు ఆ ల్యాబ్‌ను పరీక్ష రోజున తప్ప తెరవరు. గాజు పగులుతుందట. ఈ ఏడాది పిల్లలు మళ్లీ ట్యాబ్‌ల మీద వేళ్లు ఆడిస్తున్నారు.

ఆ కడుపుమంటతోనే ఒకరోజు యాయ్రాకు ఫోన్ చేశాను. గాలి హోరులో ఆమె గొంతు సగమే వినిపించింది. వెనక పిల్లల గోల.

"ఎలా ఉందమ్మా అక్కడ? ల్యాబ్ ఎలా ఉంది?"

"ఇక్కడ ల్యాబే లేదన్నా."

"అయ్యో."

"అయ్యో ఏంటి? తాళం లేదు, రిబ్బన్ లేదు, అడ్డం పడేవాడు లేడు. వచ్చిన సోమవారమే మొదలుపెట్టేశాను. ఉండన్నా, బూడిద నీళ్లు మరుగుతున్నాయి, పిల్లలు దగ్గరికి పోతున్నారు" అని పెట్టేసింది.